పాడుపెట్టిన ఇంటి తాళం

ముమ్మిడివరం దాటి కాస్త ముందుకు వెళ్ళాక, మా వీధి మలుపు వస్తోందనగా, నేను బస్సులో తల అవతలి కిటికీ వైపు తిప్పేసుకునేదాన్ని. అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళే బస్సు అది. ఆ మలుపు దగ్గర మా ఇంటి పెంకులు కనిపిస్తాయి. నా కాపురమంతా గడిచిన ఇల్లు. అటు చూడలేక, ఇటు పక్క రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలను చూస్తూ కూర్చునేదాన్ని. కళ్ళయితే తిప్పుకోవచ్చు గాని చెవులు ఎక్కడ పెట్టుకుంటాం? బస్సు మలుపు దాటుతుంటే వినిపించేది.

"వదినా, తలుపు తియ్యి."

పిలిచేది మా ఆడపడుచు. ఆవిడ పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

నేను కాపురానికి వచ్చేసరికి ఆవిడ పరికిణీ కట్టుకునే పిల్ల. మా అత్తగారు మాట తక్కువ మనిషి. మామగారు పొలం మనిషి. ఆ ఇంట్లో నాతో మాట కలిపింది ఈ పిల్లే. నేను అమ్మడూ అని పిలిచేదాన్ని. తల నెరిసిపోయాక కూడా అదే పిలుపు. ఆవిడకి పెళ్ళి కుదరలేదు, కుదరాలని ఆవిడా అనుకోలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, "మా వదినకి పులుసులో ఉప్పెంత వెయ్యాలో ఇప్పటికీ తెలీదండీ. నేను ఎల్లిపోతే మా అన్నయ్య ఏం తింటాడు?" అనేది. మా ఆయన పోయాక కూడా ఆ మాట మానలేదు. "అన్నయ్య తప్పించుకున్నాడు, నేను తింటన్నాను" అని ఒక ముక్క కలిపింది, అంతే. నవ్వితే మేమిద్దరమే నవ్వుకునేవాళ్ళం. పక్కనున్నవాళ్ళకి అందులో నవ్వేదేముందో తెలిసేది కాదు.

ఆవిడకి ఒక భయం ఉండేది. ఏడేళ్ళప్పుడు ఒక తుఫాను రాత్రి పెద్దవాళ్ళు ఆ పిల్లని సామాన్ల గదిలో బల్ల మీద కూర్చోబెట్టి, గాలికి కొట్టుకోకుండా తలుపు వేశారట. నీళ్ళకి తలుపు నాని, ఉబ్బి, బిగుసుకుపోయింది. తెల్లారి గునపంతో పెకలించేదాకా ఆ పిల్ల చీకట్లోనే ఉండిపోయింది. అప్పట్నుంచి మూసిన తలుపు వెనక పడుకునేది కాదు. పెరటి తలుపు పక్కనే నులకమంచం, తలుపు సగం తీసి, అది కదలకుండా కొబ్బరితాడు కట్టుకునేది. దొంగలొస్తారే అంటే, "రానియ్యి వదినా, తోడుంటారు" అనేది.

పోయిన రోజు మధ్యాహ్నం భోజనం చేసి, "కాసేపు నడుం వాలుస్తాను, మజ్జిగ చిలికేక లేపు" అంది. చిలికాక లేపాను. లేవలేదు.

పంతులుగారు వచ్చి పంచాంగం చూసి, నక్షత్రం మంచిది కాదన్నారు. ఇల్లు ఆర్నెల్లు పాడుపెట్టాలన్నారు. మా వైపు ఇది ఉన్న ఆచారమే. అలాంటి నక్షత్రంలో మనిషి పోతే ఇంటిల్లిపాదీ బయటికి వచ్చేయాలి. ఆ ఆర్నెల్లూ అక్కడ దీపం పెట్టకూడదు, చీపురు తగలకూడదు, దగ్గరికే పోకూడదు. గడువు తీరాక శాంతి చేసుకుని లోపలికి వెళ్ళాలి. కిటికీలు వేశారు. పెరటి తలుపుకున్న కొబ్బరితాడు విప్పి, లోపల గడియ పెట్టారు. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి వీధి తలుపు తాళం నన్నే వెయ్యమన్నారు. వేశాను. తాళంచెవి తిరుగుతుండగా మొదటిసారి వినిపించింది, లోపల్నుంచి, నిద్రలోంచి లేచినట్టు.

"వదినా?"

చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూశాను. ఎవరూ విన్నట్టు లేరు. మా అబ్బాయి గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కడుతున్నాడు.

అమలాపురంలో మా అబ్బాయికి మోటార్లు బాగుచేసే షాపు ఉంది. దాని దగ్గరే రిటైరయిన టీచరుగారింట్లో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. అక్కడా రోజూ మజ్జిగ వేళకి ఆ పిలుపు వచ్చేది. మొదట్లో వీధిలోకి వెళ్ళి చూసేదాన్ని. తర్వాత చూడ్డం మానేసి, "వత్తన్నానే" అని నోట్లోనే అనేదాన్ని. కంచం ముందు కూర్చుంటే, ఆ చీకట్లో అది ఏం తింటోందో అనిపించి ముద్ద దిగేది కాదు. ఎవరో తాయెత్తు కట్టించారు. టీచరుగారు క్రైస్తవులు, ఆవిడ పక్కన కూర్చుని ప్రార్థన చేశారు. నాకు ఆ ప్రార్థనే నచ్చింది, చేసినంతసేపూ నా చెయ్యి పట్టుకున్నారు.

ఆర్నెల్లూ గడిచాయి. శాంతికి ముహూర్తం పెట్టి, సామానంతా తీసుకుని వెళ్ళాం. ముళ్ళకంప తీసేశారు. నేను తాళంచెవి పట్టుకుని అరుగెక్కాను. తలుపు అవతల, చెక్కకి పెదాలు ఆనించినంత దగ్గరగా, "వదినా, ఇన్నాళ్ళా?" అని వినిపించింది. తర్వాత ఏమైందో నాకు తెలీదు. అరుగు మీద పడిపోయానట. పిడికిలి విప్పి తాళంచెవి తీయడానికి ఇద్దరు పట్టారట. గడప దాటబోతూ ఇంటికి పెద్దది పడిపోయింది, ఇంతకన్నా అపశకునం ఏముందన్నారు. శాంతి ఆగిపోయింది. అందరం మళ్ళీ అమలాపురం వచ్చేశాం.

అప్పుడు మా అబ్బాయి ఒక నిర్ణయానికి వచ్చాడు.

"అమ్మా, ఆ ఇల్లు మనకి అచ్చిరాదు. పక్క చెరువోళ్ళు అడుగుతున్నారు. ఎండాకాలంలో కూలగొట్టి, తవ్వి, వాళ్ళ చెరువులో కలిపేసుకుంటారంట. నీకూ మనశ్శాంతి."

"మరి మీ అత్త?"

"అత్త పోయిందమ్మా."

పోయింది, నిజమే. కాని నాకు కళ్ళ ముందు కనబడేదల్లా ఒకటే. మూసిన తలుపులోంచి ఎవరూ దాన్ని బయటికి తీయకుండానే పైన ఉప్పునీళ్ళు నింపేస్తారు. వేసవి లోపల నేను ఆ గడప దాటగలిగితే ఇల్లు నిలుస్తుంది. లేకపోతే లేదు. అబ్బాయి అంతవరకు ఒప్పుకున్నాడు.

టీచరుగారే ఒక చోటు సంగతి చెప్పారు.

"కాకినాడవతల యూనివర్సిటీలో ఉందండీ. మా చర్చిలో ఒకాయన కూతురు పరీక్షలంటే వణికిపోతుంటే అక్కడికి తీసుకెళ్ళేరు. మందులుండవు, కూర్చుని మాట్లాడతారు. బస్సు చార్జీ కంటే తక్కువే అవుద్ది. చదువుకునే పిల్లలే చేస్తారు, పైన పెద్ద మేడంగారు చూస్తుంటారు."

"మాట్లాడ్డానికి కాకినాడ దాకా ఎందుకండీ, మీరు లేరా?"

"నేను మధ్యలో అడ్డొస్తానండీ. వాళ్ళు అడ్డురారు."

"నేర్చుకునే పిల్లలంటున్నారు. కుట్టుపని నేర్చుకునే పిల్ల చేతికి పట్టుబట్ట ఇవ్వమంటారా?"

"పక్కన పెద్ద టైలరు ఉంటారు కదండీ. అయినా మీరు పట్టుబట్ట ఏంటండీ, నూలు చీరే కదా" అని నవ్వారు.

మొదటిసారి ఆవిడే తీసుకెళ్ళారు. గదిలో రెండు కుర్చీలు, బల్ల మీద కాగితపు రుమాళ్ళ పెట్టె, గోడ మీద చప్పుడు చేయని గడియారం. ఎదురుగా ఒక అమ్మాయి, మెడలో కార్డు. మా వైపు పిల్ల కాదు, మాటలో తెలుస్తోంది. నేను "నమస్కారం డాక్టరమ్మగారూ" అన్నాను.

"నేను డాక్టర్ని కాదండి. ఇంకా చదువుకుంటున్నాను. మీకు అభ్యంతరం లేకపోతే మన మాటలు రికార్డు చేస్తాను. మా మేడంగారు తర్వాత విని, నేనెక్కడ తప్పు చేశానో చెబుతారు."

"ఆయ్, చేసుకోండి" అన్నాను. అంటూనే నా మనసులో ఒకటి పడిపోయింది. ఓహో, ఇది ఈ పిల్లకి పరీక్ష అన్నమాట. నేను బాగుపడితే పాసవుతుంది, లేకపోతే తప్పుతుంది. చిన్న పిల్ల. గోళ్ళు కొరుక్కున్నట్టున్నాయి.

రెండోవారం పొట్టిక్కలు చేసి పట్టుకెళ్ళాను. పనసాకుల బుట్టల్లో పిండి పోసి ఉడికిస్తాం కదా, అవి. ఆ పిల్ల వాసన చూసి కళ్ళు మూసుకుంది. వెంటనే తెరిచి, "అమ్మగారూ, ఇక్కడ మేమేమీ పుచ్చుకోకూడదండి, రూలు" అంది. ఆ డబ్బా నేను ఇంటికి తిరిగి తెచ్చాను. నా వయసులో నేను పెట్టిన తిండి ఇంటికి తిరిగి రావడం అదే మొదలు. ఒక మనిషి వారం వారం నా కోసం కూర్చుంటే, ఒట్టి చేతుల్తో ఎలా వెళ్ళను?

అప్పుడు తోచింది. ప్రతివారం చివర్లో ఆ పిల్ల అడిగేది. భయం సున్నా నుంచి పది దాకా ఎంతుందండీ అని. మొదటివారం తొమ్మిదన్నాను. పొట్టిక్కలు పుచ్చుకోని వారం ఎనిమిదన్నాను. ఆ ముఖం ఎంత వెలిగిందనుకున్నారు! అంతే, ఇవ్వడానికి నాకొకటి దొరికింది. వారానికొకటి తగ్గిస్తూ వచ్చాను. "పిలుపు వినిపిస్తోందాండీ?" అంటే, "ఆయ్, తగ్గిందండీ." "నిద్ర?" "ఆయ్, పడుతోందండీ." మిగతా సమయమంతా కథలు చెప్పేదాన్ని. గోదావరి గట్టు తెగిన కథ, మా మామగారి ఎడ్లు పెళ్ళి ఊరేగింపులో అడ్డం తిరిగిన కథ. ఆ పిల్ల నవ్వేది. నవ్వించి వచ్చాను కదా అనుకుని నేను బస్సెక్కేదాన్ని. మలుపు దగ్గర తల తిప్పుకునేదాన్ని. "వదినా, తలుపు తియ్యి."

నంబరు మూడుకి దిగిన తర్వాతి వారం ఆ పిల్ల ముఖం ఇంకోలా ఉంది. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంది.

"అమ్మగారూ, మేడంగారితో కూర్చున్నానండి. ఆవిడ ఒక మాట అడిగారు. నంబరు తగ్గుతోందని రాశావు, మనిషి ఎలా ఉంది అన్నారు. నేను ఆలోచించాను. మొదటిసారి వచ్చినప్పుడు మీ బంగారు గాజులు మణికట్టు దగ్గర ఉండేవండి. ఇప్పుడు మోచేతి దాకా జారుతున్నాయి."

నేను గాజులు కొంగు కిందికి లాక్కున్నాను.

"ఇంకోటి కూడా ఉందండి. పోయినవారం మీరు ఎడ్ల కథ చెబుతూ మధ్యలో ఆగి 'ఆఁ' అన్నారు. ఎవరికో పలికినట్టు. నేనేమీ అడగలేదండి అప్పుడు."

ఆ గదిలో, కాకినాడ అవతల, పట్టపగలు పిలిచింది నిజమే. పలికానని నాకే తెలీదు.

"మీ మేడంగారు ఏమన్నారండీ?"

"ఆవిడది కూడా మీ వైపేనండి. కోనసీమ వాళ్ళు ఎవరి దగ్గరికీ ఒట్టి చేతుల్తో రారు, ఆవిడ నీకు తిండి పెట్టడానికి వీల్లేక నంబర్లు పెడుతోంది అన్నారు."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "నువ్వు తప్పిపోతావని కదా తల్లీ" అన్నాను. మీరు అనడం అప్పుడే పోయింది.

"మీరు బాగవడం మీద నాకు మార్కులు లేవండి. మీరు చెప్పేది నేను సరిగ్గా విన్నానా లేదా, అదే చూస్తారు. ఇన్ని వారాలు వినలేదు. ఇప్పుడు చెప్పండి. ఎంత?"

"పది."

ఆ పిల్ల ఏమీ రాసుకోలేదు. పెన్ను పక్కన పెట్టేసింది.

ఆ రోజు చెప్పాను, అన్నీ. సామాన్ల గది, నానిన తలుపు, కొబ్బరితాడు, మజ్జిగ, తాళం. దెయ్యాలు లేవండి అని ఆ పిల్ల అనలేదు. ఉన్నాయి అనీ అనలేదు. ఒక మాట మాత్రం అడిగింది.

"ఆవిడ పిలిస్తే మీరు వస్తున్నా అంటున్నారు కదండీ. ఎప్పుడైనా వెళ్ళారా?"

"దగ్గరికి పోకూడదన్నారు కదమ్మా."

"ఆ గడువు అయిపోయింది కదండీ."

కొంగు ముడిలో తాళంచెవి తడుముకున్నాను.

ఆ తర్వాత వారాల్లో మేం చేసిన పని బయటివాళ్ళు చూస్తే నవ్వుతారు. ఆ గది తలుపు మూయడం, తీయడం. మొదట ఆ పిల్ల మూసేది, నేను తీసేదాన్ని. తర్వాత నేనే మూసి, చెయ్యి గడియ మీద పెట్టి, మా ఇల్లు లోపల ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. గడప, పడక గది, వంటిల్లు, పెరటి తలుపు, మంచం. మంచం దాకా వచ్చేసరికి ఆగిపోయేదాన్ని. మళ్ళీ గడప దగ్గర్నుంచి. ఒకసారి ఆ పిల్ల, "ఈసారి నేను ఆవిడని అనుకుని, నాతో మాట్లాడతారా?" అంది. కూర్చోబెట్టి చూశాను. కుదరలేదు. "నువ్వు కాదమ్మా, అది ఈపాటికి నన్ను తిట్టేది" అన్నాను. ఇద్దరం నవ్వాం. మేడంగారు కూడా ఆ టేపు విని నవ్వారట.

ఎండలు ముదిరాయి. జేసీబీని మాట్లాడేశానని, సోమవారం వస్తుందని మా అబ్బాయి చెప్పాడు. అదే వారం ఆ పిల్ల చదువు కూడా అయిపోవచ్చింది. వచ్చేవారం నుంచి మీకు ఇంకొకరు ఉంటారండి, కాగితాలన్నీ నేను వాళ్ళకి అప్పగిస్తాను అంది. నేను తెచ్చింది ఏమీ లేదు ఆ రోజు. లేచి, ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. దానికి రూలు లేదనుకుంటాను.

తిరుగుబస్సులో మా ఇంటి వైపు కిటికీ దగ్గరే సీటు దొరికింది. ఎదుర్లంక వంతెన దాటాం. మలుపు వస్తోంది. తల తిప్పుకోలేదు. పెంకులు కనిపించాయి. ఒకచోట జారిపోయి ఉన్నాయి. "ఆపండి బాబూ" అన్నాను. కండక్టరు, "అమలాపురం టిక్కెట్టు కదండీ మీది?" అన్నాడు. "ఆయ్, ఇక్కడ పనుంది" అన్నాను.

తాళంచెవి ఎప్పుడూ కొంగు ముడిలోనే ఉండేది. ఎండలో తాళం కాలిపోతోంది. తీశాను. తలుపు తోశాను. గబ్బిలాల వాసన, పాత బియ్యపు వాసన. నిలబడి చెవి ఒగ్గాను.

ఏమీ లేదు.

బస్సులో పిలిచింది, అద్దె ఇంట్లో పిలిచింది, కాకినాడ అవతల కూడా పిలిచింది. పిలుపు పుట్టినచోటికి వస్తే పిలుపు లేదు. నాకు అప్పుడు పట్టుకుంది అసలైన భయం. పిలిచినన్నాళ్ళూ లోపల ఉందనే కదా నేను అనుకున్నది. "అమ్మడూ, వచ్చేనే" అన్నాను. నా మాటే గోడలకి తగిలి వచ్చింది. గడప, పడక గది, వంటిల్లు, నోటితో అనుకుంటూ చీకట్లో చేతులు చాపి నడిచాను. మోకాలికి మంచం తగిలింది. తడిమాను. నులక వదులుగా ఉంది, దాని మీద దుమ్ము, అంతే.

పెరటి తలుపు గడియ వచ్చింది గాని తలుపు రాలేదు. జారిన పెంకుల్లోంచి వానాకాలమంతా నీళ్ళు కారి, చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. రెండు చేతుల్తో లాగాను. కాలు గోడకి తన్ని లాగాను. దాన్ని తిట్టాను, దేవుణ్ణి తిట్టాను, మా మామగారి నాన్నని కూడా తిట్టాను, ఆ తలుపు చేయించింది ఆయనే. ఒక్కసారి కిర్రుమని సగం దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడ్నుంచి కదల్లేదు. వెలుతురు వచ్చి నులకమంచం మీద పడింది.

సగమే. ఆవిడ తాడు కట్టుకునేంత.

గడపలో కూలబడ్డాను. అమ్మడూ అమ్మడూ అంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నేను ఇంకా రాలేదని టీచరుగారు చెబితే మా అబ్బాయి కండక్టర్ని అడిగి, వెతుక్కుంటూ వచ్చాడు. వీధి గుమ్మంలోనే ఆగి, "అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు భయంగా.

"మీ అత్త పలకడం లేదురా" అన్నాను. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వాడు లోపలికి వచ్చి, ఆ గడపలోనే నా పక్కన కూర్చున్నాడు. వాడూ ఏడ్చాడు. వాడిని చంకనేసుకుని పెంచింది ఆవిడే మరి. కాసేపయ్యాక ఫోను తీసి, సోమవారం రావద్దని జేసీబీ వాడికి చెప్పాడు.

శాంతి చేసుకుని ఇంట్లోకి వచ్చేశాం. పెంకులు నేయించాం. పెరటి తలుపు చిత్రిక పడతానని వడ్రంగి వచ్చాడు. వద్దన్నాను. దానికి మళ్ళీ కొబ్బరితాడు కట్టాను. దొంగలొస్తారమ్మా అంటాడు మా అబ్బాయి. రానియ్యరా, అంటాను.

ఒక్కోరోజు మజ్జిగ చిలుకుతుంటే వినిపిస్తుంది. తలుపు తియ్యమని కాదు. ఒట్టి "వదినా" అని, అంతే. నిజంగా వింటున్నానో, వినాలని ఉండి వింటున్నానో నాకు తెలీదు. "ఆఁ" అంటాను. కవ్వం ఆపను.

కాకినాడ నెలకోసారి వెళ్తున్నాను. కొత్త పిల్ల వచ్చింది, ఇది ఇంకా చిన్నది. మొన్న కాగితం ముందు పెట్టుకుని, సున్నా నుంచి పది దాకా ఎంతండీ అంది.

"దేనికమ్మా? భయానికా, బెంగకా?"

ఆ పిల్ల కాగితం చూసుకుంది. అందులో అలా లేదు కాబోలు.

"భయానికైతే రెండు వేసుకో. ఈసారి నిజమే చెబుతున్నాను. బెంగకైతే పది. దాన్ని మాత్రం తగ్గించకండి, మీ మేడంగారికి నేను చెప్పానని చెప్పు."